ఎర్ర చుక్క వాల్వులు

ఎలక్ట్రానిక్స్ చదివి, ఆ చదువుకు తగిన ఉద్యోగం సొంత ఊళ్ళోనే దొరికితే బాగుండునని కోరుకునే చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు అలాగే దొరికింది. సూర్యాపేటలో, ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం మీది అంతస్తులో. పాత వాల్వులకు అసలు తల్లిదండ్రులెవరో కనిపెట్టడం నా పని. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు మా అత్తగారు నవ్వలేదు. "గా పనికి జీతమిస్తరా?" అని మాత్రం అడిగింది.

వాల్వు అంటే నీళ్ళ పైపుకు బిగించేది కాదు. ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోల్లో, మైకుసెట్లలో, టూరింగ్ టాకీసుల్లో వెలిగిన చిన్న గాజు బుడ్డి. వేలెడంత ఉంటుంది. లోపల రేకులు, తీగలు. కరెంటు ఇస్తే మధ్యలో సన్నగా ఎర్రబడుతుంది. వాటి కాలం ఎప్పుడో అయిపోయింది. కాని ఈ మధ్య డబ్బున్న కొందరు పెద్దమనుషులకు హఠాత్తుగా చెవులు మొలిచాయి. వాల్వులోంచి వస్తేనే పాట అని, చిప్పులోంచి వస్తే చప్పుడని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం మీదే మాకు జీతాలొచ్చేవి కాబట్టి, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేనూ నమ్మాను.

మా యజమాని మూతపడ్డ టాకీసులూ, మైకుసెట్టు వాళ్ళ అటకలూ గాలించి వాల్వులు కొనుక్కొచ్చేవారు. నేను పరీక్షించేదాన్ని. చివ్వెంల నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అక్క వాటిని పెట్టెల్లో సర్ది టేపు వేసేది. ఆపైన అవి నెట్‌లో అమ్ముడయ్యేవి. ప్రతి పెట్టెలో ఒక కార్డు ఉండేది. కార్డు మీద ‘తయారీదారు’ అని ఒక గీత, కింద ‘పరీక్షించినవారు’ అని, పక్కన నా పూర్తి పేరు, బీటెక్‌తో సహా అచ్చు. ఆ పేరు పక్కన నేను సంతకం చేయాలి. మొదటిసారి ఆ కార్డు చేతికొచ్చిన రోజు ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను. ఆ తర్వాత కడుపుతో ఉన్నప్పుడు అదే కార్డు కనబడితే బోర్లించి పెట్టేదాన్ని. కారణం చెబుతాను.

వాల్వు గాజు మీద అచ్చైన పేరు దాన్ని చేసినవాడిదే కానక్కరలేదు. పాత రోజుల్లో ఫ్యాక్టరీలే ఒకరి సరుకు ఒకరు కొని సొంత పేరు వేసుకునేవట. ఆ తర్వాత వ్యాపారులు పాత పేరు తుడిచి, గిరాకీ ఉన్న పేరు అచ్చు కొట్టడం మొదలుపెట్టారు. ఎన్ని పేర్లు మారినా లోపలి రేకుల వంపు మారదు. వాటిని పట్టి ఉంచే అభ్రకం ముక్క ఆకారం మారదు. పైన వెండిలా మెరిసే పూత కింది రింగు మారదు. పురిటి మంచం చుట్టూ చేరి ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని మేనత్తలు తేల్చినట్టే మేమూ తేల్చేవాళ్ళం. తేడా ఒకటే. మేనత్తలు ఎప్పుడూ తమ వైపే తేలుస్తారు. నేను అలా తేల్చకూడదు.

ఇంకొక చిన్న కిటుకు ఉంది. గాజు మీద నోటితో ఆవిరి ఊదితే, తుడిచేసిన పాత పేరు రెండు క్షణాలు లేచి నిలబడి మాయమవుతుంది. నేను అలా ఊదుతుంటే ప్యాకింగ్ అక్కకు ఎప్పుడూ నవ్వే.

"ఏంది చెల్లె, ఉగ్గు సల్లార్చుతున్నవా? ఇంకా పుట్టనే లేదు, ఇప్పటి సందే ప్రాక్టీసా?"

అప్పుడు నాకు ఆరో నెల. కాన్పు తర్వాత ఉద్యోగం ఉంటుందో పోతుందోనని ఆ రోజుల్లో ఒకటే బెంగ. మా ఆయన మాడుగులపల్లి దాకా బైకు మీద పోయి వచ్చే చిన్న ఉద్యోగి. ఒక్క జీతంతో పిల్లను పెంచడం ఎలాగో లెక్క తెగేది కాదు. నా మొహం చూసి మా యజమాని తనంత తానే మాట ఇచ్చారు.

"ఎందుకమ్మా పరేషాన్? కాన్పయినంక పరీక్ష మిషన్ మీ ఇంటికే పంపిస్త. పిల్లను పక్కకేసుకొని కూసొని చేద్దువు."

ఆ మాట పట్టుకుని నేను కంటినిండా నిద్రపోయాను. ఇంతలో మిర్యాలగూడ సరుకు వచ్చింది.

మిర్యాలగూడలో ఒక తాత ఒకప్పుడు చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ మైకుసెట్టు కట్టినవాడు. ఆయన దగ్గర మా యజమాని ఒక ట్రంకు పెట్టెడు వాల్వులు కొనుక్కొచ్చారు. వాటన్నిటి మీదా ఒకే పేరు, యూరప్‌లో చాలా పేరున్న కంపెనీది. చెవులు మొలిచిన పెద్దమనుషులు ఆ పేరు వింటేనే కళ్ళు మూసుకుంటారు. అంతేకాదు, వాటిలో కొన్నిటికి గాజు మీద ఎర్రటి చుక్క ఉంది.

ఆ చుక్క అర్థమేమిటో చెప్పడానికి కోదాడ నుంచి ఒక ఆసామి వచ్చాడు. ఆయనకు సిమెంటు డీలర్‌షిప్పు. మేడ మీద ఒక గదికి నాలుగు వైపులా దూది పరుపులు కొట్టించి, నడిమధ్య ఒక సోఫా వేయించి, అందులో కూర్చుని పాటలు వింటాడు. ఆ సోఫాలో వేరెవరూ కూర్చోకూడదు, ధ్వని చెడిపోతుందట. మా యజమానికి ఆయన మాటంటే సుప్రీంకోర్టు.

ఆయన వాల్వులతో సహా మమ్మల్ని కోదాడలోని ఆ గదికే తీసుకెళ్ళాడు. నేను గోడ పక్క స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ముందు చుక్క లేని వాల్వులు పెట్టి విని, పెదవి విరిచాడు. తర్వాత చుక్క ఉన్నవి పెట్టి స్విచ్ వేశాడు. అవి ఇంకా సరిగా వేడెక్కలేదు, పాట గొంతు పెగల్లేదు, అప్పుడే ఆయనకు కన్నీళ్ళొచ్చాయి.

"విన్నారా అండీ? గాయని గాలి పీల్చుకుంటుంది! చుక్క లేనివాటిలో ఆవిడ గాలి పీల్చుకోవట్లా. అంటే ఏంటి? ఈ చుక్క ఫ్యాక్టరీ వాళ్ళదండీ. వందల్లో ఒకటి ఏరి, ఇది రాజాలకు పంపండ్రా అని పెట్టే గుర్తు."

"నేననుకుంటనే ఉన్న," అన్నారు మా యజమాని. ఆయన ఏమీ అనుకోలేదని నాకు తెలుసు. "అమ్మా, నీకు వినపడ్డదా?"

గాయని ఊపిరి నాకు వినపడలేదు. కోదాడ ఆసామి ఊపిరి బాగా వినపడింది. "రేపు మిషన్ మీద పెట్టి చూస్తాను సార్" అన్నాను.

మర్నాడు చూశాను. చుక్క ఉన్నవీ లేనివీ అన్నీ ఒకేలా పాసయ్యాయి, మంచి వాల్వులే. ఆవిరి ఊదితే మాత్రం యూరప్ పేరు కింద వేరే అక్షరాలు లేచాయి. లోపలి రేకులు, అభ్రకం, రింగు, గాజు అడుగున చెక్కిన సన్నటి అంకెలు అన్నీ ఒకే మాట చెప్పాయి. ఇవి యూరప్ ముఖం చూసినవి కావు. మన దేశంలో, మన వాళ్ళు చేసినవి. మధ్యలో ఎవరో పేరు మార్చారు.

తర్వాత చుక్క చూశాను. ఫ్యాక్టరీ గుర్తయితే అన్నీ ఒక సైజులో ఉండాలి కదా? ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి కిందికి జారింది. ఒకదాంట్లో వేలి గీతలు కూడా ఉన్నాయి. చుక్క చుట్టూ పసుపుపచ్చటి అంచు ఉంది. ఒకదానికి సబ్బు నురగ రాశాను. ఆ పచ్చటి అంచు చూస్తుండగానే ఎర్రబడింది. చీర మీది పసుపు మరకకు సబ్బు పెట్టిన ప్రతి ఆడదానికీ ఆ ఎరుపు తెలుసు. తడి దూదితో తుడిస్తే రాజముద్ర మొత్తం దూదికి వచ్చేసింది.

"అక్కా, ఇటు రా. ఇదేమిటో చెప్పు."

ఆమె దూది వాసన చూసింది. నా మొహం చూసింది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుని కూలబడింది. "ఉంగరపు వేలితోని పెట్టిన్రు చెల్లె! ఆయుధ పూజ బొట్టు! కోదాడాయన బొట్టుకు ఏడ్సిండా?"

మా యజమాని నవ్వలేదు. అప్పటికే ఆయన నెట్‌లో ‘ఎర్ర చుక్క ప్రత్యేక ఎంపిక’ అని పెట్టేశారు. చుక్క ఉన్నవాటికి ఒక ధర, లేనివాటికి ఇంకో ధర. హైదరాబాద్ నుంచి ఒక డాక్టరు ట్రంకు మొత్తం కొంటానని మాట కూడా ఇచ్చేశాడు. కావలసిందల్లా ప్రతి పెట్టెలో ఆ యూరప్ పేరు రాసిన కార్డు, దాని మీద నా సంతకం.

"సార్, నేను ఆ పేరు రాయలేను. ఇవి అక్కడివి కావు," అన్నాను.

"గాజు మీద ఏముంటే గదే రాయమంటున్న. మనం అచ్చు కొట్టినమా?"

"కార్డులో ‘తయారీదారు’ అని ఉంది సార్. గాజు మీద ఏముందో రాయమని లేదు."

"సరే, బొట్టో చుక్కో ఆ తాతనే అడుగుదాం నడువు," అన్నారు విసుగ్గా.

కోదాడ ఆసామి కూడా తయారయ్యాడు. మేం ముగ్గురం కారులో మిర్యాలగూడ బయల్దేరాం. గుంత వచ్చినప్పుడల్లా నేను రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాను. నా సంతకం ఉన్న కార్డు ఆ డాక్టరు చేతిలోంచి ఇంకెవరి చేతికో పోవడం, వాళ్ళెవరో ఆవిరి ఊదడం, కేసు పెట్టడం, నా పేరు నెట్‌లో వెతికితే మోసగత్తె అని రావడం, రేపు బడిలో చేర్చేటప్పుడు నా పిల్లకు సీటు లేదనడం, ఇదంతా సగం దారి దాటేలోపే జరిగిపోయింది. నా ఆలోచనలు అలాగే నడుస్తాయి. ఇప్పటికీ పిల్ల ఒకసారి తుమ్మితే నేను దవాఖానలో మంచం దాకా వెళ్ళి వస్తాను.

తాత ఇంటి ముందు తుప్పు పట్టిన పెద్ద హారన్ బోర్లించి ఉంది, దాని మీద మిరపకాయలు ఆరబోశారు. తాత మమ్మల్ని మంచాల మీద కూర్చోబెట్టాడు. మా యజమాని జేబులోంచి వాల్వు తీసి చూపించారు.

"తాతా, ఈ ఎర్ర చుక్క ఏంది?"

"గదా? బొట్టు. దసరా నాడు పెడ్తుంటిమి. యాంప్లిఫయర్‌కు, హారన్‌కు, ఆఖరికి వైరు చుట్టకు గుడ పెడ్తుంటిమి. ఎందుకు?"

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక గొడవ లేదనుకున్నాను. కాని కోదాడ ఆసామి మంచం అంచుకు జరిగాడు. "పెద్దాయనా, బొట్టు మీరు పెట్టి ఉండొచ్చండీ. కాదనట్లా. దాని కింద ముందే ఒక చుక్క ఉందేమో, జ్ఞాపకం చేసుకోండి."

"సుక్క ఉన్నయి జర పిరం తాతా," అన్నారు మా యజమాని నెమ్మదిగా. "అసొంటియి నీ కాడ ఇంక ఉన్నా తీసుకుంట."

తాత మా కారు వైపు చూశాడు. తర్వాత మిరపకాయల వైపు చూశాడు. "ఆఁ... యాదికొచ్చింది. కంపెనోడే సుక్క పెట్టి పంపేటోడు. ఎర్రగ. మేం దాని మీదికెల్లి బొట్టు పెట్టినం. ఇంకో డబ్బ కూడ ఉండాలె ఇంట్ల."

లోపలి నుంచి ఆయన భార్య చేట పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏ కంపెనోడు పెట్టిండు? దసరాకు నీ కంపెనోడు మనింటికొచ్చి బొట్టు పెట్టిపోయిండా? నేను పెట్టిన! తలకు పోస్కొని, ఉపాసముండి, ఒక్కొక్కదానికి నేను పెట్టిన!"

"నువ్వు లోపల్కి పో. నీకు తెల్వది."

"నాకు తెల్వదా? పండుగ నాడు తానం చెయ్యవయ్యా అంటెనే నీకు ఒళ్ళు బరువు, నువ్వు బొట్లు పెడ్తవా? అర మీద ముందు వరసల ఉన్నయాటికే పెట్టేదాన్ని బిడ్డా," అని ఆమె నా వైపు తిరిగింది. "ఎనకయాటికి చెయ్యి అందేది కాదు. అందుకే సగం వాటికే ఉన్నయి."

ఏ ఫ్యాక్టరీ ఇంజనీరూ ఇంత స్పష్టంగా చెప్పలేడు. ఏరినవి, ఏరనివి అని మేం వేరు చేసి ధర కట్టినవి, ఆమె చెయ్యి అందినవీ అందనివీ.

"మంచిగ తిను, మొహం పీక్కపోయింది," అంది ఆమె నాతో. మళ్ళీ మా యజమానితో అంది. "సుక్కలున్నయి కావాల్నంటే చెప్పు కొడుకా, భరిణె ఈడనే ఉన్నది. మిగిలినయాటికి గుడ పెడ్త."

మా యజమాని ఆ మాట ఒక్క క్షణం ఆలోచించారు. నేను చూశాను.

తిరుగు దారిలో కోదాడ ఆసామి ఓటమి ఒప్పుకుంటాడని ఎదురుచూశాను. చాలాసేపు కిటికీలోంచి వరి పొలాలు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"కుంకుమంటే ఏంటండీ? పొడి. సన్నటి పొడి గాజుకు అంటుకుంటే గాజు కంపనం తగ్గుతుంది. అదే నాకు వినపడింది. నా చెవులు తప్పు చెప్పలేదండీ. కారణమొక్కటే వేరు."

పొరపాటు తెలిసి అభిప్రాయం మార్చుకునేవాళ్ళను చూశాను. అభిప్రాయాన్ని అలాగే ఉంచి కారణాన్ని మార్చుకున్నవాడిని ఆ రోజే చూశాను. ఆ తర్వాత గమనిస్తే లోకంలో వాళ్ళే ఎక్కువ. మీకూ తగులుతారు, చాలావరకు మీ పైఅధికారులుగా.

కారు దిగేటప్పుడు మా యజమాని అన్నారు. "ఎల్లుండి డాక్టరు వస్తడు. అంతవరకు సంతకాలు కావాలె. మిషన్ ఇంటికి పంపుత అని నీకు మాట ఇచ్చిన. నా మాట నేను నిలబెట్టుకుంట. నువ్వు గుడ జర సూడాలె గదా."

బెదిరింపు అంత మెత్తగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. రెండు రోజులు ఇదే లెక్క. సంతకం పెడితే ఉద్యోగం ఇంటికి వస్తుంది. పెట్టకపోతే ఉద్యోగం లేదు. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మొగుళ్ళు ఆ మాట అన్నప్పుడు తప్పంతా మన మీదే ఉంటుంది, తెలుసుకోండి.

డాక్టరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు. అప్పటికి అక్క అన్ని పెట్టెలూ సర్ది, మా యజమానే యూరప్ పేరు రాసేసిన నా కార్డులు కూడా లోపల పెట్టేసి టేపు వేసింది. కార్డుల మీద సంతకాలు లేవు. చివర్లో విప్పి పెట్టిస్తే సరిపోతుందని మా యజమాని అనుకున్నారు. ఒక్క పెట్టె మాత్రం చూపించడానికి తెరిచి ఉంచారు.

డాక్టరు అందులోంచి వాల్వు తీసి, కార్డు చూసి, నా వైపు తిరిగాడు. "పరీక్షించింది మీరేనా మేడమ్? సంతకం లేదే."

మా యజమాని నా కంటే ముందు నవ్వారు. "పెడ్తది సార్, ఇప్పుడే పెడ్తది."

వాల్వు తీసుకుని గాజు మీద ఊదాను. పాత అక్షరాలు లేచాయి. "ఇవి మన దేశంలో చేసినవి సార్. పైనున్న పేరు తర్వాత వేసింది. ఆ ఎర్ర చుక్క కుంకుమ బొట్టు. మిర్యాలగూడలో ఒక పెద్దమ్మ దసరాకు పెట్టింది."

మా యజమాని ముఖం కుంకుమకు పోటీ వచ్చింది. అక్క టేపు చుట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. డాక్టరు వాల్వును వెలుతురులో తిప్పి చూశాడు, తనూ ఒకసారి ఊదాడు. అక్షరాలు మళ్ళీ లేచి మాయమయ్యాయి.

"మరి బాగా పలుకుతాయా?"

"చాలా బాగా పలుకుతాయి సార్. మంచి వాల్వులు. మన వాళ్ళు శ్రద్ధగా చేశారు. మన వాళ్ళ పేరుతోనే అమ్మాలని నా మాట."

ఆయన వాల్వును మెల్లగా పెట్టెలో పెట్టేశాడు. తర్వాత ఇబ్బందిగా నవ్వాడు. "ఆదివారం మా ఫ్రెండ్స్ అందరూ వినడానికి వస్తున్నారు మేడమ్. ఆ కంపెనీవే తెస్తున్నానని చెప్పేశాను." మా యజమాని వైపు తిరిగాడు. "మొత్తం తీసుకుంటాను. కార్డులు మాత్రం వద్దు లెండి." మళ్ళీ నాతో, ఎంతో మర్యాదగా, "నిజం చెప్పినందుకు చాలా థాంక్స్" అన్నాడు.

నిజానికి ఎంత విలువ ఉంటుందో నేను చాలా రకాలుగా ఊహించుకున్నాను. థాంక్స్ చెప్పి పక్కన పెట్టేస్తారని ఊహించలేదు. ఆయన కిందికి వెళ్ళి కారులో కూర్చున్నాడు.

మా యజమాని ముఖం మెల్లగా మామూలు రంగుకు వచ్చింది. ఆయన బుర్రలో ఏం తిరుగుతోందో చెవులు మొలవకపోయినా నాకు వినపడింది. కార్డు లేకుండా సరుకు అమ్ముడుపోతుంది. మరి కార్డు మీద పేరున్న మనిషి దేనికి?

"నీకు గుడ దగ్గర పడుతున్నది గదమ్మా," అన్నారు ప్రేమగా. "రేపటి సంది ఇంటికాడ రెస్ట్ తీస్కో." మిషన్ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన అక్కతో, "పెట్టెలు కిందికి దించు" అన్నారు.

"సార్, లోపల నా కార్డులున్నాయి," అన్నాను.

"ఉండనీ అమ్మా. సంతకం లేదు గదా. లోపల ఏదన్న కార్డు ఉంటె అందంగ ఉంటది."

"నా పేరుంది సార్."

"పేరుంటె ఏమైతది?"

నేల మీద కూర్చోవడం అప్పటికే కష్టంగా ఉంది. గోడ పట్టుకుని కూర్చుని మొదటి పెట్టె టేపు చించాను. కార్డు తీసి ఒళ్ళో వేసుకున్నాను. రెండోది చించాను. మా యజమాని "ఓయమ్మా, డాక్టరు కారుల కూసున్నడు" అని రెండుసార్లు అన్నారు. మూడోసారి అనకుండా కిందికి వెళ్ళి డాక్టరుతో మాటల్లో పడ్డారు.

అక్క టేపు చుట్ట పక్కన పెట్టింది.

"పొద్దుగాల సంది టేపేసి నా నడుము ఇరిగింది," అంది. "ముందే చెప్తె వెయ్యకపోదును గదా!" అని తిట్టుకుంటూనే నా ఎదురుగా చతికిలబడి కత్తెర తీసుకుంది. ఆమె విప్పుతుంటే నేను తీశాను. నేను తీస్తుంటే ఆమె మళ్ళీ టేపు వేసింది. కింద కారు హారన్ మోగింది. మేమిద్దరం తల ఎత్తలేదు.

చివరి పెట్టె మూసి అక్క దాన్ని నా చెవి దగ్గర పెట్టి ఊపింది. "ఇగ లేదు నీ పేరు. దేంట్ల లేదు. లే ఇగ, బస్సు పోతది."

నేను లేవలేదు. పక్కనున్న పెట్టె టేపు మళ్ళీ చించి, లోపల చెయ్యి పెట్టి చూశాను.